మాట లేని పాటలో మన వాటా

మాటలు లేకపోతే అది పాట ఎలా అవుతుంది? మా ఫోన్లలో మోగే సంగీతం విని హాస్టల్ తమ్ముళ్ళు తరచూ అడిగే ప్రశ్న ఇది. "అన్నా, పాడేవాడు ఎప్పుడొస్తాడు?" అని కాసేపు ఎదురు చూస్తారు. ఐదు నిమిషాలైనా పాడేవాడు రాడు. డ్రమ్స్, బేస్ గిటార్, ఆర్గాన్, ఇంకో గిటార్ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ పోతుంటాయి. "ఇందులో ఏముందన్నా?" అంటారు. ఏముందో చెప్పడానికే ఈ వార్షికోత్సవ సంచికలో ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ముందు పేర్ల సంగతి చూద్దాం. ఫంక్ అనేది 1960లలో అమెరికాలోని నల్లజాతి సంగీతకారులు తయారుచేసిన దరువు సంగీతం. అందులో గాయకుడు లేకుండా వాయిద్యాలతోనే నడిచేదాన్ని ఇన్‌స్ట్రుమెంటల్ ఫంక్ అంటారు. ఇక జామ్ బ్యాండ్. జామ్ అంటే బ్రెడ్డు మీద రాసుకునేది కాదు, ట్రాఫిక్‌లో ఇరుక్కునేదీ కాదు. ఒక పాటను పట్టుకొని బయలుదేరి, వేదిక మీదే ఒకరి వాయింపు ఒకరు వింటూ, అప్పటికప్పుడు అల్లుకుంటూ పోవడాన్ని జామింగ్ అంటారు. అలా వాయించడమే పనిగా పెట్టుకున్న బృందాలు జామ్ బ్యాండ్లు. నాలుగు నిమిషాల పాట వాళ్ళ చేతిలో ఇరవై నిమిషాలు కావచ్చు. నిన్న వాయించినట్టు ఇవాళ వాయించరు.

మా అభిప్రాయం ముందే సూటిగా చెప్పేస్తాం. ఈ సంగీతంలో హీరో కంటే జట్టు పెద్దది. భాష రాని శ్రోతకు కూడా ఇందులో చోటు ఉంటుంది. దీని ఆకర్షణ అంతా అక్కడే ఉంది. అయితే ఆ జట్టులో చెమటోడ్చిన వాళ్ళ పేర్లు చాలాకాలం రికార్డు అట్ట మీదికి ఎక్కలేదు. అందుకని వింటే చాలదు, వాయించినవాడి పేరు తెలుసుకొని వినాలి.

తిట్టు పేరైంది

ఇంగ్లీషులో "ఫంక్" అనే మాటకు ఉన్న పాత అర్థాల్లో ఒకటి దుర్వాసన. ఒంటి చెమట కంపు, గాలాడని గది కంపు. పెద్దమనుషులు నలుగురిలో పలకడానికి ఇష్టపడని మాట. ఆ మాటనే నల్లజాతి సంగీతకారులు తమ సంగీతానికి పేరుగా పెట్టుకున్నారు. ఇది చెమటోడ్చి వాయించే సంగీతం, వినేవాడికి చెమట పట్టేదాకా ఆడించే సంగీతం అని గర్వంగా చెప్పుకున్నారు. 1967లో జేమ్స్ బ్రౌన్ విడుదల చేసిన ఒక పాట పేరే "కోల్డ్ స్వెట్", అంటే చల్లని చెమట.

డప్పు తోలు వాసన తెలిసిన ఇళ్ళ నుంచి వచ్చిన మనకు ఈ సంగతి ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. ఏ వాసన పేరు చెప్పి మనిషిని దూరం పెట్టారో, ఆ పేరుతోనే తలెత్తుకొని నిలబడటం ఎంత పెద్ద పనో మనకు తెలుసు.

మాట లేని వాయిద్యానికి బలం ఎక్కడిదని అడిగేవాళ్ళకు అమెరికా చరిత్రే జవాబు చెబుతుంది. 1739లో దక్షిణ కరోలినాలో స్టోనో అనే చోట బానిసలు తిరుగుబాటు చేశారు. డప్పులు మోగించుకుంటూ కదిలారు. ఆ మరుసటి ఏడాది, 1740లో, అక్కడి తెల్ల పాలకులు చేసిన చట్టంలో బానిసలు డ్రమ్ములు వాయించకూడదని నిషేధం పెట్టారు. డ్రమ్ములో మాట లేదు. అయినా ప్రభుత్వం దానికి భయపడింది! ఆ దెబ్బ ఎంత దూరం వినపడుతుందో, దాన్ని విని ఎంతమంది కూడుతారో వాళ్ళకు తెలుసు.

కొన్నిచోట్ల మాత్రం దరువు బతికింది. లూసియానాలోని న్యూ ఆర్లీన్స్ నగరంలో కాంగో స్క్వేర్ అనే మైదానం ఉంది. ఆదివారాలు బానిసలు అక్కడ చేరి డ్రమ్ములు వాయించుకొని ఆడుకునేవారు. ఆ నగరంలో చావు ఊరేగింపుకు బ్యాండు వాయించే ఆచారం ఇప్పటికీ ఉంది. శ్మశానానికి వెళ్ళేటప్పుడు మెల్లగా, బరువుగా వాయిస్తారు. తిరిగి వచ్చేటప్పుడు ఊపందుకొని వాయిస్తే వెనకాల జనం చిందులేస్తూ నడుస్తారు. మన పల్లెల్లో చావు డప్పు విన్నవాళ్ళకు ఆ నడక వింతగా తోచదు.

మొదటి దెబ్బ దగ్గర కలుద్దాం

డ్రమ్ములను నిషేధించిన ఆ దక్షిణ కరోలినాలోనే 1933లో జేమ్స్ బ్రౌన్ పుట్టాడు. కటిక పేదరికం. పక్క రాష్ట్రం జార్జియాలోని అగస్టా పట్నంలో బూట్లు పాలిష్ చేసి, సైనికుల ముందు డాన్సు చేసి చిల్లర సంపాదించిన పిల్లవాడు. పెద్దయ్యాక అతను చేసిన పని ఒక్క మాటలో చెప్పాలంటే, బ్యాండు మొత్తాన్నీ ఒక డప్పుగా మార్చేశాడు. గిటార్, ట్రంపెట్, సాక్సోఫోన్, చివరకు తన గొంతు కూడా దరువు వేసే వాయిద్యాలే అన్నట్టు వాడాడు.

అందులో కిటుకు ఇది. నాలుగు దెబ్బల లెక్క తీసుకోండి. అప్పటి అమెరికన్ పాటల్లో ఎక్కువగా బరువు రెండో దెబ్బ మీద, నాలుగో దెబ్బ మీద పడేది. బ్రౌన్ ఆ బరువును మొదటి దెబ్బ మీదికి తెచ్చాడు. దాన్ని "ది వన్" అంటారు. అంటే "ఆ ఒకటి" అన్నమాట. మొదటి దెబ్బ దగ్గర అందరూ కలవాలి. ఆ తర్వాత రెండు, మూడు, నాలుగు దెబ్బల సందుల్లో ఎవరి అల్లిక వారిది. మళ్ళీ ఒకటి వచ్చేసరికి ఎక్కడున్నా ఇంటికి చేరాలి.

నమ్మకం కుదరకపోతే ఇప్పుడే చేసి చూడండి. ఒకరు ఒకటి-రెండు-మూడు-నాలుగు అని లెక్కపెడుతూ "ఒకటి" దగ్గర మాత్రం బల్ల మీద గట్టిగా చరచండి. పక్కవాడు మూడు దగ్గర, నాలుగు దగ్గర చిన్నగా చప్పట్లు కొట్టాలి. మూడోవాడు చెంచాతో కంచం మీద సన్నగా, ఆపకుండా వాయించాలి. ఒక్క నిమిషంలో తల దానంతటదే ఊగుతుంది. ఆ ఊపునే వాళ్ళు గ్రూవ్ అంటారు.

మేము హాస్టల్లో ఉన్నప్పుడు ఆదివారం సాయంత్రాలు ట్రంకుపెట్టెల మీద, బకెట్ల మీద, అన్నం కంచాల మీద చేసింది కూడా ఇదే. ట్రంకుపెట్టె లావు శబ్దానికి, కంచం సన్న శబ్దానికి. అందరూ ఒకేసారి గట్టిగా బాదితే అది గోల. ఒకడు కొట్టినప్పుడు ఇంకొకడు ఆగి, వాడు వదిలిన ఖాళీలో తన దెబ్బ వేస్తే అది దరువు. ఫంక్ వాయించేవాళ్ళ గొప్పతనం వాళ్ళు వాయించేదానిలో సగమే ఉంటుంది. మిగతా సగం వాళ్ళు వాయించకుండా వదిలిన చోట ఉంటుంది.

పాడేవాడు రానప్పుడు

ఇన్‌స్ట్రుమెంటల్ ఫంక్‌కు దారి వేసిన రికార్డుల్లో ఒకటి "గ్రీన్ ఆనియన్స్". 1962లో టెనెసీ రాష్ట్రంలోని మెంఫిస్ నగరంలో, పాత సినిమా హాలును స్టూడియోగా మార్చుకున్న స్టాక్స్ అనే కంపెనీలో పుట్టింది. ఒక గాయకుడి రికార్డింగు కోసం వచ్చిన వాద్యకారులు ఆ పని సాగక, ఖాళీ సమయంలో తమలో తాము వాయించుకున్నారు. స్టూడియో యజమాని అది రికార్డు చేశాడు. అలా తయారైన పాట దేశమంతా మోగింది. బృందం పేరు బుకర్ టి అండ్ ది ఎమ్‌జీస్. ఆర్గాన్ వాయించిన బుకర్ టి జోన్స్ వయసు అప్పటికి 17. అంటే మన ఇంటర్ కుర్రాడి వయసు!

ఆ బృందంలో నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ కలిసి వాయించారు. అప్పటి మెంఫిస్‌లో నల్లవాళ్ళకు తెల్లవాళ్ళ హోటళ్ళలోకి ప్రవేశం లేదు. పక్కపక్కన కూర్చొని తినడానికి వీల్లేని ఊళ్ళో పక్కపక్కన నిలబడి వాయించారు. రంగుతో నిమిత్తం లేకుండా స్టాక్స్ కళాకారులు కలుసుకునే చోటు లొరేన్ మోటెల్. పారిశుధ్య కార్మికుల సమ్మెకు మద్దతుగా వచ్చిన మార్టిన్ లూథర్ కింగ్‌ను 1968 ఏప్రిల్ 4న కాల్చి చంపింది ఆ మోటెల్ బాల్కనీలోనే. ఈ సంగీతం ఎలాంటి నేల మీద పుట్టిందో ఈ ఒక్క సంగతి చెబుతుంది.

న్యూ ఆర్లీన్స్‌లో ది మీటర్స్ అనే నలుగురి బృందం 1969లో "సిస్సీ స్ట్రట్" అనే పాట విడుదల చేసింది. మూడు నిమిషాల పాట. ఆర్గాన్ ఆర్ట్ నెవిల్, గిటార్ లియో నొసెంటెల్లి, బేస్ జార్జ్ పోర్టర్ జూనియర్, డ్రమ్స్ జిగబూ మోడెలిస్ట్. ఈ నలుగురి పేర్లూ కావాలనే పూర్తిగా రాస్తున్నాం. పాట వినేటప్పుడు ఒక పని చేయండి. మొదటిసారి డ్రమ్స్ ఒక్కటే పట్టించుకొని వినండి. రెండోసారి బేస్. మూడోసారి గిటార్. నాలుగోసారి ఆర్గాన్. ఒకే పాట నాలుగు పాటలవుతుంది. ఎవరూ ఎవరి మీదా పడరు. ఎవరూ అరవరు. ఒక్కరిని తీసేసినా మిగతాది కూలిపోతుంది. అందరూ సమానంగా అవసరమైన పని అంటే ఏమిటో మాకు పుస్తకాల కన్నా ముందు ఈ పాట నేర్పింది.

పంచుకుంటే పెరిగిన సంగీతం

జామ్ బ్యాండ్ల కథ వేరే చోట మొదలైంది. 1965లో కాలిఫోర్నియాలో గ్రేట్‌ఫుల్ డెడ్ అనే బృందం ఏర్పడింది. బ్లూస్, జానపదం, జాజ్ అన్నీ కలిపి గంటల కొద్దీ వాయించేది. 1995 వరకు, ముప్పై ఏళ్ళలో, 2,300కు పైగా కచేరీలు చేసింది. దక్షిణాన జార్జియాలో ఆల్‌మన్ బ్రదర్స్ బ్యాండ్ నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ కలిసి ఇలాగే వాయించింది. 1971లో వచ్చిన వాళ్ళ "ఎట్ ఫిల్‌మోర్ ఈస్ట్" కచేరీ రికార్డు ఇప్పటికీ జామ్ బ్యాండ్లకు పెద్దబాలశిక్ష లాంటిది.

గ్రేట్‌ఫుల్ డెడ్ చేసిన ఒక పని మాకు చాలా నచ్చుతుంది. మిగతా కంపెనీలు కచేరీల్లో టేప్ రికార్డరు కనిపిస్తే లాక్కునే రోజుల్లో ఈ బృందం అభిమానులను రికార్డు చేసుకోనిచ్చింది. 1984 నుంచి వాళ్ళ కోసం ప్రత్యేకంగా చోటు కూడా కేటాయించింది. షరతు ఒక్కటే. పంచుకోవచ్చు, అమ్ముకోకూడదు. క్యాసెట్లు చేతులు మారాయి. దాంతో బృందం నష్టపోలేదు, జనం ఇంకా పెరిగారు. 1977 మే 8న కార్నెల్ విశ్వవిద్యాలయంలో చేసిన కచేరీ ఇలా క్యాసెట్ల మీద తిరిగి తిరిగి ప్రసిద్ధి పొంది, చివరకు అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భద్రపరిచే రికార్డుల జాబితాలోకి ఎక్కింది. ఆ బృందం కచేరీలు వేల సంఖ్యలో ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఇవాళ్టికీ ఉచితంగా వినవచ్చు.

ఒక్క గైడు కొని పదిమంది చదివి, ఒకరి నోట్సు ఇంకొకరు రాత్రికి రాత్రి రాసుకొని పాసైన వాళ్ళం మనం. పంచుకుంటే తరగదని మనకు వేరే చెప్పాలా?

1983లో వెర్మాంట్ విశ్వవిద్యాలయ విద్యార్థులు మొదలుపెట్టిన ఫిష్ అనే బృందం ఈ దారిని ఇంకా ముందుకు తీసుకుపోయింది. 1999 డిసెంబర్ 31 అర్ధరాత్రి ఫ్లోరిడాలోని బిగ్ సైప్రస్‌లో వాయించడం మొదలుపెట్టి తెల్లారి పొద్దుపొడిచేదాకా, ఏడు గంటలకు పైగా ఆపలేదు. 2017లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో 13 రాత్రులు వాయించి, 237 పాటల్లో ఒక్కటీ రెండోసారి వాయించలేదు. తెల్లవార్లూ సాగే ఒగ్గు కథ, చిందు భాగోతం ఎరిగిన నేల మనది. అలాంటి రాత్రికి జనం ఎందుకు కూర్చుంటారో మనకు తెలుసు. తర్వాత ఏం జరుగుతుందో వాయించేవాడికీ తెలియదు, వినేవాడికీ తెలియదు. ఇద్దరూ కలిసే కనుక్కుంటారు.

ఈ రెండు పాయలూ తర్వాత కలిశాయి. 1990లలో మెడెస్కీ మార్టిన్ అండ్ వుడ్ అనే ముగ్గురు ఆర్గాన్, డ్రమ్స్, బేస్‌లతో ఫంక్ దరువు మీద జామింగ్ చేశారు. 2011లో మిషిగన్ రాష్ట్రంలో మొదలైన వల్ఫ్‌పెక్ బృందం ఇంకో తమాషా చేసింది. 2014లో "స్లీపిఫై" పేరుతో పది ట్రాకుల ఆల్బమ్ విడుదల చేసింది. అందులో పాట లేదు, వాయింపూ లేదు, అంతా నిశ్శబ్దమే! మీరు నిద్రపోయేటప్పుడు దీన్ని పెట్టుకోండి అని అభిమానులను కోరింది. అలా సుమారు 20,000 డాలర్లు వచ్చాయి. ఆ డబ్బుతో టికెట్టు లేని ఉచిత కచేరీలు చేసింది. 2019లో ఆ బృందం పెద్ద రికార్డు కంపెనీ అండ లేకుండానే మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌ను నింపింది.

ఇంగ్లీషు అడగని సంగీతం

ఇక మా సంగతి. తెలుగు మీడియం చదివి, హాస్టళ్ళ నుంచి నేరుగా పట్నం కాలేజీలకు వెళ్ళినవాళ్ళం మేము. అక్కడ ఇంగ్లీషు పాటలు ఒక పరీక్ష. ఎవరికి ఎన్ని పాటల మాటలు నోటికి వస్తే వాడంత గొప్ప. మేము పెదవులు కదుపుతూ నిలబడేవాళ్ళం. పాట వింటున్న ఆనందం కన్నా దొరికిపోతామన్న దిగులే ఎక్కువగా ఉండేది.

అలాంటి రోజుల్లో ఈ మాట లేని సంగీతం మా చెవిన పడింది. అది మమ్మల్ని ఏ మీడియం అని అడగలేదు. ఉచ్చారణ అడగలేదు. దరువు తెలుసా అని మాత్రమే అడిగింది. అది మాకు తెలుసు! చిన్నప్పుడు డప్పు కాచే మంట దగ్గర కూర్చొని నేర్చుకున్నదే. గిటార్ పేర్లు తెలియకపోయినా దెబ్బ ఎక్కడ తప్పిందో, ఎక్కడ ఊపందుకుందో మేము పసిగట్టగలిగేవాళ్ళం. అమెరికా సంగీతం మీద మాకూ ఒక అభిప్రాయం చెప్పే అర్హత ఉందని మొదటిసారి తెలిసింది.

ఇంగ్లీషు నేర్చుకోవద్దని మా ఉద్దేశం కాదు. తప్పకుండా నేర్చుకోవాలి. కానీ నేర్చుకునేదాకా ప్రపంచమంతా మనకు మూసి ఉంటుందని దిగులుపడనక్కర్లేదు. కొన్ని తలుపులకు గడియ లేదు.

ఎదురు ప్రశ్నలు

మాకు వచ్చే మొదటి అభ్యంతరం ఇది. మాటే కదా మన ఆయుధం, మన పాటలన్నీ మాటల బలంతోనే కదా జనాన్ని కదిలించాయి, మాట లేని పాటతో మనకేం పని? న్యాయమైన ప్రశ్నే. మాట వద్దని మేము అనడం లేదు. జేమ్స్ బ్రౌన్ కూడా 1968లో నల్లవాడినని గర్వంగా, గట్టిగా చెప్పమంటూ పాట కట్టాడు. దానికి మాటలు కావలసి వచ్చాయి, రాసుకున్నాడు. 2023లో కన్నుమూసిన గద్దర్ పాటలో మాట ఎంత ముఖ్యమో, కాలి గజ్జె, పక్కన మోగే డప్పు అంతే ముఖ్యం. మాట బుర్రలోకి చేరకముందే దరువు ఒంట్లోకి చేరుతుంది. ఆ దరువును విడిగా వినడం నేర్చుకుంటే మన పాటల్ని కూడా ఇంకా బాగా వింటాం.

రెండో అభ్యంతరం, అదే వాయింపు పదిహేను నిమిషాలు వింటే విసుగు కదా అని. అన్ని జామ్‌లూ గొప్పవి కావు. దారి తప్పి సాగదీసినవీ చాలా ఉన్నాయి. అది ఒప్పుకోవాలి. కానీ బాగా వాయించినప్పుడు అదే అదేలా ఉంటూనే మెల్లగా మారుతుంది. వరి నాటేవాళ్ళ వరసను గట్టు మీంచి చూసినవాడికి అంతా ఒకటే కదలికలా ఉంటుంది. మడిలో దిగినవాడికి తెలుసు, పక్కవాళ్ళ వేగాన్ని బట్టి తన చెయ్యి ఎన్నిసార్లు సర్దుకుంటుందో.

మూడోది మత్తు. జామ్ బ్యాండ్ల చుట్టూ మాదకద్రవ్యాల వాడకం ఉండేది, దాచాల్సిన పని లేదు. గ్రేట్‌ఫుల్ డెడ్ గిటారిస్టు జెర్రీ గార్సియా ఏళ్ళ తరబడి ఆ అలవాటుతో పోరాడి, 1995 ఆగస్టు 9న చికిత్సా కేంద్రంలోనే గుండెపోటుతో పోయాడు. వయసు 53. తమ్ముళ్ళకు మేము చెప్పేది ఒక్కటే. ఆ చేతివేళ్ళు నేర్చిన విద్యను తీసుకోండి. ఆ చేతులు పట్టిన మత్తును వదిలేయండి.

పేరు ఎవరిది? డబ్బు ఎవరిది?

అసలు మాట ఇక్కడ ఉంది. అందరూ సమానంగా వాయించిన సంగీతంలో అందరికీ సమానంగా దక్కిందా? లేదు.

క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ 1943లో టెనెసీలోని చట్టనూగా పట్నంలో పుట్టాడు. ఊళ్ళోని ఫ్యాక్టరీల చప్పుడు, రైళ్ళ చప్పుడు వింటూ దరువు పట్టుకున్న డ్రమ్మర్. జేమ్స్ బ్రౌన్ బృందంలో చేరాడు. 1969 నవంబరులో రికార్డు చేసి 1970లో విడుదలైన "ఫంకీ డ్రమ్మర్" పాటలో మిగతా వాళ్ళంతా ఆగిపోయి అతనొక్కడే కొద్ది సెకన్లు వాయిస్తాడు. విన్యాసం ఏమీ చేయడు. అప్పటిదాకా వేస్తున్న దరువునే పట్టు వదలకుండా వేస్తాడు. ఆ తర్వాత ర్యాప్ సంగీతం వచ్చినప్పుడు ఆ కొద్ది సెకన్ల ముక్కను కోసి అతికించుకొని వెయ్యికి పైగా పాటలు తయారయ్యాయి. 1989లో వచ్చిన పబ్లిక్ ఎనిమీ వారి "ఫైట్ ద పవర్" వాటిలో ఒకటి.

ఆ వాయింపుకు రచయితగా స్టబుల్‌ఫీల్డ్ పేరు లేదు. పాట హక్కులు అతనివి కావు. కాబట్టి ఆ వెయ్యి పాటల మీద అతనికి రావలసిన వాటా రాలేదు. చివరి రోజుల్లో కిడ్నీ జబ్బుతో బాధపడ్డాడు. అంతకు ముందు ఒకసారి తన వైద్యం ఖర్చులు గాయకుడు ప్రిన్స్ గుట్టుగా కట్టాడని, 2016లో ప్రిన్స్ చనిపోయాక స్టబుల్‌ఫీల్డే చెప్పాడు. 2017లో 73వ ఏట కన్నుమూశాడు. ఆయన స్థిరపడిన ఊళ్ళోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం ఆ ఏడాది గౌరవ డాక్టరేటు ఇచ్చింది. అందుకోవడానికి ఆయన లేడు.

ఇది ఒక్కడి కథ కాదు. డెట్రాయిట్‌లోని మోటౌన్ కంపెనీ 1960లలో అమెరికాను ఊపేసిన పాటలు వరసగా విడుదల చేసింది. వాటి వెనక వాయించిన బృందం ఫంక్ బ్రదర్స్. గాయకుల పేర్లు లోకమంతా తెలుసు. వాయించినవాళ్ళ పేర్లు 1971లో మార్విన్ గే తన ఆల్బమ్ అట్ట మీద వేసేదాకా అచ్చులో కనపడలేదు. వాళ్ళ మీద డాక్యుమెంటరీ సినిమా 2002లో వచ్చింది. బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ అప్పటికే చనిపోయి 19 ఏళ్ళు. జామ్ బ్యాండ్ల కచేరీలకు వచ్చే జనంలో ఎక్కువమంది తెల్లవాళ్ళే అన్నది కూడా మరిచిపోకూడదు. దరువు ఒకరు ఇస్తే, ఆ దరువు మీద నడిచిన పెద్ద పెద్ద మైదానాల రాబడి చాలావరకు మరొకరికి పోయింది.

మన దగ్గర మాత్రం? పాత సినిమా క్యాసెట్ అట్ట గుర్తు చేసుకోండి. హీరో బొమ్మ, సంగీత దర్శకుడి పేరు, గాయకుల పేర్లు. డోలక్ వాయించిందెవరు? ఆ పాటను పెళ్ళిళ్ళలో ఆడించింది ఆ డోలకే కదా! ఊళ్ళో జాతర కరపత్రంలో దాతల పేర్లన్నీ వరసగా ఉంటాయి. డప్పు వాయించేవాళ్ళ పేర్లు ఏ కరపత్రంలో చూశాం?

ఇందుకు మంచి ఉదాహరణ కూడా ఉంది. గ్రేట్‌ఫుల్ డెడ్ డ్రమ్మర్లలో ఒకడైన మికీ హార్ట్ మన దేశపు తబలా విద్వాంసుడు జాకిర్ హుస్సేన్‌తో దశాబ్దాల పాటు కలిసి పనిచేశాడు. 1991లో వాళ్ళు చేసిన "ప్లానెట్ డ్రమ్" ఆల్బమ్‌లో మన ఘటం విద్వాంసుడు విక్కు వినాయకరామ్ కూడా వాయించారు. అందులో ఎక్కువభాగం దరువు వాయిద్యాలదే. వాయించినవాళ్ళ పేర్లు ముందుకు పెట్టారు. ఉత్తమ ప్రపంచ సంగీత ఆల్బమ్‌కు మొట్టమొదటి గ్రామీ అవార్డు దానికే వచ్చింది. 2024 డిసెంబరులో జాకిర్ హుస్సేన్ శాన్‌ఫ్రాన్సిస్కోలో కన్నుమూసినప్పుడు ప్రపంచం ఒక తబలా వాద్యకారుడికి పేరుపేరునా నివాళి చెప్పింది. వెనక కూర్చొని వాయించేవాడికి ముందు వరసలో చోటు ఇవ్వడం సాధ్యమే. ఇవ్వాలనుకోవాలి, అంతే.

మేము కోరేది

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! ఈ సంగీతమే వినమని, మన పాటలు మానేయమని మేము చెప్పడం లేదు. ఖాళీ దొరికినప్పుడు "గ్రీన్ ఆనియన్స్", "సిస్సీ స్ట్రట్", "ఫంకీ డ్రమ్మర్", ఆల్‌మన్ బ్రదర్స్ వారి "ఇన్ మెమొరీ ఆఫ్ ఎలిజబెత్ రీడ్" ఒక్కసారి వినండి. మొదటిసారి నచ్చకపోతే ఒక్క వాయిద్యాన్నే పట్టుకొని రెండోసారి వినండి. ఒకరి మాట మీద ఇంకొకరు పడకుండా నలుగురు ఎలా మాట్లాడుకోవచ్చో గమనించండి. ఒక్కొక్క గదిలో అంతమంది సర్దుకొని బతికే హాస్టల్లో అది పనికొచ్చే విద్యే.

నిర్వాహక మిత్రులకు ఇంకొక విన్నపం. వార్షికోత్సవ ఆహ్వాన పత్రికలో అతిథుల పేర్లు, వక్తల పేర్లు వేస్తాం. ఇక నుంచి ఆ సాయంత్రం డప్పు, డోలక్, ప్యాడ్ వాయించే ప్రతి విద్యార్థి పేరు, తరగతి కూడా వేయండి. పాట అయ్యాక గాయకుడి పేరుతో పాటు వాళ్ళ పేర్లు కూడా మైకులో చదవండి. మన ఊళ్ళ నుంచి డప్పు కళాకారులను పిలిస్తే వాళ్ళకు శాలువాతో సరిపెట్టకుండా ముందే మాట్లాడుకున్న పారితోషికం చేతికివ్వండి. దీనికి పెద్ద ఖర్చేమీ కాదు. పాత విద్యార్థులం తలా కొంత వేసుకుంటాం.